చింతపండుకి లొంగని ఆల్చిప్పలు

అలాస్కా వెళ్ళొచ్చానని చెబితే మా ఊరు ట్రాయ్‌లో ఎవరైనా మొదట అడిగేది "క్రూయిజ్‌లోనా?" అని. రెండోది "నార్తర్న్ లైట్స్ చూశారా?" అని. రెంటికీ లేదనే చెప్పాలి. నేను వెళ్ళింది జూన్‌లో, ఆ రోజుల్లో అక్కడ సరిగ్గా చీకటే పడదు. నేను చూసొచ్చింది రాళ్ళకి అంటుకున్న ఆల్చిప్పల్ని. ఆ మాట అనగానే అడిగినవాళ్ళు మర్యాదగా సమోసాల వైపు తిరిగిపోతారు. అందుకే కాగితం మీద పెడుతున్నాను, ఇక్కడినుంచి అంత తొందరగా తిరిగిపోలేరు.

నిజానికి నేను ఆల్చిప్పల కోసమూ వెళ్ళలేదు. మా అక్క కూతురు శ్రావ్యని వెనక్కి తీసుకురావడానికి వెళ్ళాను. అది మన దగ్గర ఫిషరీస్ చదివి, మాస్టర్స్‌కని అలాస్కా వచ్చింది. రొయ్యల చెరువులకి పనికొచ్చే చదువేదో చదువుతుందనుకున్నాం. అది పోయి అడవి ఆల్చిప్పల్ని లెక్కపెట్టే ప్రాజెక్ట్‌లో చేరింది. డిగ్రీ అయిపోయింది, చదువయ్యాక కొంతకాలం పనిచేసుకోనిచ్చే ఓపీటీ నడుస్తోంది, ప్రాజెక్ట్ గ్రాంట్ ఈ ఏడాదితో సరి, వీసా స్పాన్సర్ చేసేవాళ్ళు కనుచూపు మేరలో లేరు. కాకినాడ నుంచి మా అక్క రోజూ ఫోన్ చేసేది. "గుల్లలు ఏరుకోవడానికి అంత దూరం పోవాలా? మన ఉప్పుటేరు చాలదటే దానికి?"

నేను చాలా ఏళ్ళుగా సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. తప్పులు వెతకడం, వెతికినవాటిని దిద్దించడం నా వృత్తి, కొంత స్వభావం కూడా. తెలిసినవాళ్ళ కన్సల్టెన్సీలో మాట్లాడాను. డేటా అనలిటిక్స్ ట్రెయినింగ్ ఇస్తారు, ప్లేస్‌మెంట్ చూపిస్తారు, మా బేస్‌మెంట్‌లో గది ఎలాగూ ఉంది. సోమవారంలోగా అవునో కాదో చెప్పమన్నారు. "నీ మాట వింటుంది, నువ్వెళ్ళి నాలుగు మాటలు చెప్పి తీసుకురా" అంది అక్క. నాలుగు మాటలేం ఖర్మ, నలభై మాటలు ఫ్లయిట్‌లోనే సిద్ధం చేసుకున్నాను.

ఆంకరేజ్ దాటాక

ఆంకరేజ్‌లో కారు అద్దెకి తీసుకుని దక్షిణంగా డ్రైవ్ చేశాను. ఒక పక్క కొండ, ఇంకో పక్క సముద్రం. సముద్రం అన్నానే గాని నేను వెళ్ళేసరికి అందులో నీళ్ళు లేవు, మైళ్ళ కొద్దీ నల్లటి బురద ఉంది. ఫొటో తీసుకుందామని ఆగితే, కుక్కని తిప్పుతున్న ఒకావిడ వచ్చి ఆ బురదలోకి మాత్రం దిగొద్దని, కాలు కూరుకుపోతే రాదని, నీళ్ళు తిరిగొచ్చేటప్పుడు ఎవరికోసమూ ఆగవని చెప్పింది. మా కాకినాడ తీరంలో ఆటుపోట్లంటే మనిషి ఎత్తు తేడా కూడా ఉండదు. ఇక్కడ కొన్ని చోట్ల రెండంతస్తుల ఇంటి ఎత్తున నీళ్ళు పైకొచ్చి కిందికి దిగుతాయట, అదీ రోజుకి రెండుసార్లు.

ఇంకొంత దూరం పోయాక మూస్ అనే గుర్రమంత తల్లి దుప్పి, దాని దూడ రోడ్డు మధ్యలో నిలబడ్డాయి. గేదెలు అడ్డం వస్తే చేసే పనే చేశాను, హారన్ కొట్టాను. వెనక ట్రక్కులోంచి గడ్డం ఆయన దిగొచ్చి నా అద్దం మీద తట్టి, "అమ్మా, ఆవిడకి కోపమొస్తే నీ కారు మిగలదు, కాస్త ఓపిక పట్టు" అన్నాడు. ఆవిడ దూడతో సహా తీరిగ్గా దాటిపోయేదాకా నేను కారులో, ఆయన బయట చేతులు కట్టుకుని ఆగాం. ఆయన తన సంచిలోంచి రెయిన్‌డీర్ సాసేజ్ ముక్క తీసి ఇవ్వబోతే వద్దని దణ్ణం పెట్టాను.

దారిలో సరుకుల షాపులో కొత్తిమీర కట్ట చూశాను. నాలుగు వాడిపోయిన కాడలకి నాలుగు డాలర్లు. పట్టుకుని కాసేపు ఆలోచించి మళ్ళీ అక్కడే పెట్టేశాను. మిగతావన్నీ నా సూట్‌కేస్‌లోనే ఉన్నాయి. చింతపండు, ధనియాల పొడి, మిరప్పొడి, ఇంగువ, సన్నబియ్యం. నేను ఇల్లు కదిలితే వంటగది కూడా నాతో కదులుతుందని మావారు ఎగతాళి చేస్తారు.

హోమర్

హోమర్ ఊరు చివర సముద్రంలోకి నాలుకలా పొడుచుకొచ్చిన సన్నటి నేల ఒకటి ఉంది. పడవలు, చేపల షాపులు, టూరిస్టులు అన్నీ దాని మీదే. శ్రావ్య అక్కడికొచ్చింది. చేతులు పట్టుకుని పిల్లని ఎగాదిగా చూశాను. ముఖం కమిలిపోయింది. వేళ్ళ నిండా సన్నటి గాట్లు.

"ఏంటే ఈ చేతులు?"

"బార్నకిల్స్ పిన్నీ. రాళ్ళకి పట్టి ఉంటాయి, బ్లేడ్స్‌లా షార్ప్‌గా ఉంటాయి. గ్లవ్స్ వేసుకుంటే చిన్న చిన్నవి కౌంట్ చేయడం కుదరదు."

"అమ్మకి చూపించావా?"

"వీడియో కాల్‌లో చేతులు కిందే పెట్టుకుంటా" అని నవ్వింది.

ముప్పై డాలర్లు పోసి హాలిబట్ వేపుడు తిన్నాం. చేప తాజాగా ఉంది, ఉప్పు కారాలు మాత్రం దానికి ఎవరూ పరిచయం చేయలేదు. బయట ఒక పెద్దాయన పొగబెట్టిన సాల్మన్ ముక్కలు అమ్ముతున్నాడు. బే, అంటే అఖాతం, అవతలి తీరంలోని ఆదివాసీ గ్రామంవాడట. మాదీ సముద్రం ఒడ్డేనని చెబితే ముఖం విప్పారింది. "మా పెద్దవాళ్ళు ఒక మాట అంటారు, నీళ్ళు వెనక్కి పోతే భోజనానికి బల్ల వేసినట్టే అని. అయితే ఈమధ్య..." అని ఇంకేదో చెప్పబోతుంటే నా ఫోన్ మోగింది. అక్క. నేను పక్కకి వెళ్ళి మాట్లాడి వచ్చేసరికి ఆయన ఇంకొకరికి చేపలు కడుతున్నాడు. మొదటి సగం మాటే వెంట తెచ్చుకున్నాను. ఆ రెండో సగం వినకపోవడం ఎంత పని చేసిందో తర్వాత చెబుతాను.

మర్నాడు పొద్దున శ్రావ్య పనిచేసే చోటికి పడవ ఎక్కడానికి వెళితే, రేవులో తేలే వంతెన నీళ్ళతో పాటు కిందికి దిగిపోయి ఉంది. దానికి దిగే దారి నిచ్చెనంత ఏటవాలుగా ఉంది. నేను సూట్‌కేస్‌ని నాలుగు చక్రాల మీద దొర్లించాను. అది నా చెయ్యి వదిలించుకుని నాకంటే ముందే వెళ్ళి ఒకావిడ బూట్ల దగ్గర ఆగింది. ఆవిడే డోనా, మా పడవ యజమానురాలు. డెబ్బై ఏళ్ళు ఉంటాయి. సూట్‌కేస్‌ని బూటుతో ఆపి, "ఇందులో ఏముంది, బండరాళ్ళా?" అంది. బియ్యం అన్నాను. "అయితే నువ్వు మాకు చుట్టానివే" అని తనే మోసి పడవలో పెట్టింది.

కోవ్‌లో

ఫ్యోర్డ్ అనే మాట నేను పటాల్లోనే చూశాను. ఒకప్పుడు మంచునదులు కొండల్ని తొలుచుకుంటూ పోతే, ఆ లోయలోకి సముద్రం వచ్చి నిండింది. అటూ ఇటూ నిటారుగా కొండలు, మధ్యలో లోతెంతో తెలియని సన్నటి నీటిపాయ. డోనా వేసవిలో అద్దెకిచ్చే చెక్క కేబిన్ ఆ పాయలోని ఒక చిన్న మలుపులో ఉంది. ఆ మలుపునే కోవ్ అంటారు. ఫోన్ సిగ్నల్ లేదు. ఉన్న ఒక్క రేడియో డోనా పడవలో ఉంది.

నీళ్ళు తీసిన వేళ శ్రావ్య నన్ను ఒడ్డుకి తీసుకెళ్ళింది. పైన ఎండిన రాయి. దాని కింద పసుపు పచ్చటి నాచు జడలు. వాటి కింద, వాటి మధ్య, నీలం కలిసిన నలుపు రంగులో ఆల్చిప్పలు, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ, రాయి కనపడనంత దట్టంగా. తప్పించుకు నడవడం కుదరలేదు. కాలు తగలగానే చెయ్యి దానంతటదే కిందికి పోయి, వాటిని తాకి కళ్ళకద్దుకుంది. శ్రావ్య నవ్వలేదు. "నేనూ ఫస్ట్ సీజన్ అంతా అలాగే చేశా. మా ప్రొఫెసర్ నడుం నొప్పేమో అనుకుంది" అంది.

ఒక గుత్తిని వేలితో కొంచెం పక్కకి ఒత్తి చూపించింది. ప్రతి చిప్పలోంచీ గోధుమరంగు నారపోగులు వచ్చి రాయినీ, పక్క చిప్పనీ పట్టుకుని ఉన్నాయి. లోపల చీకట్లో పురుగులు, గోరంత పీతలు, నత్తలు. ఎండలో రాయి కాలిపోతున్నా ఆ గుత్తిలోపల చల్లగా, తడిగా ఉంటుందట. నీళ్ళలో తేలుతూ వచ్చే ఆల్చిప్ప పిల్లలు నున్నటి రాయి మీద నిలవలేవు, పెద్దవాటి పోగుల మధ్యే కుదురుకుంటాయి.

"పైన ఎక్కడిదాకా ఉండాలో ఎండ డిసైడ్ చేస్తుంది. కింద ఎక్కడిదాకా ఉండాలో వాటిని తినేవాళ్ళు డిసైడ్ చేస్తారు" అంది.

తినేవాళ్ళు చాలామందే ఉన్నారు. సీ ఓటర్లనే నీటికుక్కలు వెల్లకిలా తేలుతూ, గుండెల మీద రాయి పెట్టుకుని చిప్పలు పగలగొట్టుకుంటాయి. ఎర్రముక్కు నల్లపిట్టలు సందు చూసి పొడుస్తాయి. అందరికంటే పెద్ద తిండిపోతు స్టార్‌ఫిష్. శ్రావ్య రావడానికి చాలా ముందు ఏదో జబ్బొచ్చి ఈ తీరమంతా స్టార్‌ఫిష్‌లు కరిగిపోయినట్టు చచ్చిపోయాయట. శత్రువు పోయేసరికి ఆల్చిప్పలు కిందికి పాకాయి. ఇప్పుడు అక్కడక్కడా మళ్ళీ స్టార్‌ఫిష్ పిల్లలు కనపడుతున్నాయి. ఇంకోపక్క, ఫ్యోర్డ్ చివర మంచు ఎక్కువ కరిగి, మంచినీళ్ళు, బూడిదరంగు ఒండ్రు దిగుతున్నాయి. అక్కడి ఆల్చిప్పలు గిడసబారిపోతున్నాయి. ఎవరు గెలుస్తారో తెలుసుకోవాలంటే ప్రతి వేసవీ అవే చోట్లకి వచ్చి, అవే చదరాల్లో కొలవాలి. గుర్తుకి రాతిలో ఎర్ర బోల్టులు దిగ్గొట్టారు. బోల్టులున్న చోట తొక్కొద్దని నాకు చెప్పింది.

"ఇదంతా తెలిసి ఏం చేస్తారే?"

"తెలుస్తుంది పిన్నీ."

నాకు ఒళ్ళు మండింది. మా ఆఫీస్ మీటింగ్‌లో ఇలాంటి జవాబు చెబితే సాయంత్రానికి బల్ల ఖాళీ చేయిస్తారు. కానీ ఆ రోజు నోరు మూసుకున్నాను. నా దగ్గర ఒక పథకం ఉంది.

శనివారం

పథకం పెద్దదేమీ కాదు. ఆకలితో ఉన్న పిల్లకి హితబోధ ఎక్కదు. ముందు కడుపు నింపాలి, అదీ అమ్మ వంటతో. తర్వాత ట్రాయ్ సంగతి ఎత్తాలి.

పొద్దున్నే డోనా పడవలో శ్రావ్య ఫ్యోర్డ్ చివరికి వెళ్ళింది. మధ్యాహ్నానికి వస్తామన్నారు. నేను బకెట్ పట్టుకుని ఒడ్డుకి దిగాను. మా చిన్నప్పుడు ఉప్పుటేటి గట్టున ఆడవాళ్ళు గుల్లలు ఏరి తెచ్చేవారు. ఒట్టి గుల్లలు సున్నపు బట్టీకి, లోపలి మాంసం మా ఇళ్ళకి. మా అమ్మ వాటితో పులుసు పెడితే వీధి చివరిదాకా తెలిసేది. "నీటి సరుకులో ఏ దోషమున్నా చింతపండు పడితే విరిగిపోతుంది" అనేది. అక్కకీ నాకూ అది వేదం.

బోల్టుల కోసం చూస్తూనే నడిచాను. ఎక్కడా కనపడలేదు. ఒకచోట నాచు జడలు దట్టంగా వేలాడుతుంటే తెరలా పక్కకి తీశాను. కింద బొద్దుగా, ఒకే సైజులో, ఎవరో కాపాడి పెట్టినట్టున్నాయి ఆల్చిప్పలు. "బల్ల వేశారు" అనుకున్నాను. అమ్మ నేర్పినట్టు మొదట్లో పట్టుకుని మెలితిప్పి లాగితే పోగులు తెగి చేతిలోకి వచ్చేశాయి. చేతికి గాట్లు పడుతున్నా ఉత్సాహంగానే ఉంది. బకెట్ నిండింది.

కేబిన్ బయట గ్యాస్ స్టవ్ మీద పులుసు పెట్టాను. ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, చిక్కటి చింతపండు రసం, దింపేముందు ఇంగువ. నాకు శనివారాలు వెంకటేశ్వరస్వామి మొక్కు ఉంది, ఆ రోజు నీచు ముట్టను. కానీ మొక్కు నాది, ఆకలి పిల్లది. ఇతరులకి వండి పెట్టడానికి నాకు పట్టింపు లేదు. ఉప్పు చూడడం ఒక్కటే కుదరదు. మామూలు రోజైతే పులుసు దింపేలోపు ముమ్మారు చూసే అలవాటు నాది.

పడవ వచ్చింది. శ్రావ్య పడవ కడుతుంటే డోనా మంచినీళ్ళ క్యాన్ మోసుకుంటూ ముందు పైకి వచ్చింది. ముక్కు ఎగబీల్చి, "ఇదేం వాసన, పిలవకపోయినా వచ్చి కూర్చోవాలనిపిస్తోంది" అంది. ఆల్చిప్పలని చెబితే తనూ ఈ ఒడ్డున నలభై ఏళ్ళుగా ఏరుకు తింటున్నానంది. సమయానికి దొరికిందనుకున్నాను. "కాస్త ఉప్పు చూసిపెట్టు" అని గరిటెతో రసం తీసి చెయ్యి పట్టమన్నాను.

ఆవిడ ఎడమచెయ్యి పట్టింది. కుడిచేతిలో క్యాన్ ఉంది.

"ఆ చెయ్యి కాదు, కుడిచెయ్యి" అన్నాను. ఎడమచేతిలో ఎలా పోస్తాం? ఆవిడకి అర్థం కాలేదు. క్యాన్ కింద పెట్టించి, కుడిచెయ్యి చాపించి, గోరువెచ్చటి రసం అరచేతిలో పోశాను. ఆవిడ చెయ్యి నోటిదాకా ఎత్తింది.

"డోనా, డోంట్!"

శ్రావ్య అంత గట్టిగా అరవగలదని నాకు తెలియదు. మెట్ల మీదనుంచే బకెట్‌లో ఆల్చిప్పలు చూసి పరిగెత్తుకొచ్చి డోనా చెయ్యి పట్టుకుని కిందికి లాగేసింది. రసం చెక్కల మీద పడింది. "పిన్నీ, నువ్వు తిన్నావా? నోట్లో పెట్టుకున్నావా? నిజం చెప్పు!"

"శనివారం కదే" అన్నాను.

పిల్ల మెట్టు మీద కూలబడి ముఖం చేతుల్లో దాచుకుంది. కాసేపటికి తలెత్తి చెప్పింది. వేడి రోజుల్లో ఈ నీళ్ళలో కంటికి కనపడని నాచు ఒకటి పెరుగుతుంది. ఆల్చిప్పలు దాన్ని తిని ఆ విషాన్ని లోపల దాచుకుంటాయి. వాటికేం కాదు. తిన్న మనిషికి ముందు పెదాలు తిమ్మిరెక్కుతాయి, తర్వాత చేతులు, ఎక్కువైతే ఊపిరి ఆగిపోతుంది.

"బాగా ఉడికించానే" అన్నాను.

"ఉడికితే పోదు."

"చింతపండు వేశాను. పులుపుకి విషం విరుగుతుందని మీ అమ్మమ్మ..."

శ్రావ్య నన్ను వింతగా చూసింది. "పిన్నీ, ఈ టాక్సిన్‌ని టెస్ట్ చేయాలంటే ల్యాబ్‌లో ఏం చేస్తారో తెలుసా? ఈ ఆల్చిప్పల మాంసం నూరి, యాసిడ్ వేసి మరిగిస్తారు. అప్పుడు విషం మాంసంలోంచి పులుపు నీళ్ళలోకి దిగుతుంది. నువ్వు కరెక్ట్‌గా అదే చేశావు. ఇంగువ ఒక్కటే ఎక్స్‌ట్రా."

డోనా పకపకా నవ్వింది. తర్వాత మేం ముగ్గురం పొయ్యి మీదున్న గిన్నెని చూశాం, పక్కన నేను వరసగా పెట్టిన పళ్ళేల్ని చూశాం. ఇక్కణ్ణుంచి హాస్పిటల్ చేరాలంటే పడవలో బే అంతా దాటాలి. నేను పళ్ళేలన్నీ తీసి బోర్లించేశాను.

నాకు ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను, కొంచెం కోపంగానే. "ఇవాళ శనివారం, నువ్వు నీచు జోలికి పోవనుకున్నా పిన్నీ. రేపు పొద్దున చెబుదామనుకున్నా" అంది. అంటే నా మొక్కుని నాకంటే గట్టిగా నమ్మింది పిల్ల. నలభై ఏళ్ళుగా తినే డోనా సంగతేమిటంటే, ఆవిడ ఎప్పుడూ చలికాలంలో ఏరేదట, ఈమధ్యే వేసవిలోనూ మొదలుపెట్టింది. "అదృష్టం బాగుండి బతికిపోయావు" అని శ్రావ్య మొహమాటం లేకుండా చెప్పేసింది. హోమర్‌లో పెద్దాయన చెప్పబోయిన రెండో సగం ఇదే అయుంటుంది.

కొలత

బకెట్‌లో మిగిలిన పచ్చి ఆల్చిప్పల్ని శ్రావ్య సంచిలో కట్టి ఐస్‌లో పెట్టింది, టెస్ట్‌కి పంపడానికి. పులుసుని ఎలుగుబంట్లు ముట్టకుండా డబ్బాలో బిగించింది. అప్పుడడిగింది.

"ఎక్కడ ఏరావు?"

తీసుకెళ్ళి చూపించాను. నాచు పక్కకి తీసింది. నల్లటి పరుపు మధ్యలో చాటంత బోడి రాయి. దాని మూల ఒక ఎర్ర బోల్టు, నాచు మొదట్లో దాక్కుని ఉంది. ఇంకో మూల ఇంకొకటి.

శ్రావ్య మోకాళ్ళ మీద కూర్చుని ఆ బోడి రాయి మీద అరచెయ్యి ఆనించింది. తనకి ముందు ఇద్దరు ముగ్గురు ఈ చదరాన్ని కొలిచి వెళ్ళారట, స్టార్‌ఫిష్‌లు పోకముందు నుంచీ.

"తిట్టవే" అన్నాను.

"తిట్టి ఏం చేస్తా? నీళ్ళు వచ్చేస్తున్నాయి. టేప్ ఆ చివర పట్టుకో."

పట్టుకున్నాను. నేను చేసిన ఖాళీని నిలువునా, అడ్డంగా, ఐమూలగా కొలిచాం. అంచుల్లో పోగులు తెగి వదులైపోయిన చిప్పల్ని విడిగా లెక్కపెట్టాం. అది నంబర్ చెబితే నేను మళ్ళీ చెప్పాలి, అప్పుడే రాసుకుంటుంది. ఒకసారి నేను అలవాటుగా "దాదాపు" అన్నాను. "దాదాపు కుదరదు పిన్నీ, మళ్ళీ చూడు" అంది. నేను ఆఫీస్‌లో కొత్తపిల్లలతో వాడే గొంతే అది. ఇన్నాళ్ళూ దీన్ని గుల్లలు ఏరడం అనుకున్నాను. తలెత్తకుండా, విసుక్కోకుండా, తన కోపాన్ని పక్కన పెట్టి ఉన్నదున్నట్టు రాసుకునే మనిషిని మా టీమ్‌లో ఎంతకాలంగా వెతుకుతున్నానో నాకు తెలుసు. సిగ్గేసింది.

"ఇది మళ్ళీ పూడుతుందా?"

"పక్కవి జరిగి పూడ్చొచ్చు. లేదా చలికాలం అలలు ఆ వదులైన అంచుల్ని పట్టి ఇంకా చింపొచ్చు. కొత్త పిల్లలు రావచ్చు, రాకపోవచ్చు. తెలీదు. ఎవరో ఒకరు వచ్చి చూడాలి." నోట్‌బుక్ మూస్తూ, "రిపోర్ట్‌లో తినేవాళ్ళ లిస్ట్ పెంచాలి. సీ ఓటర్, స్టార్‌ఫిష్, పిన్ని. అదీ లైసెన్స్ లేని పిన్ని" అంది. అది నవ్వితే నాకు ఏడుపొచ్చింది.

నీళ్ళు బూట్లని తాకాయి. టేప్ చుడుతూ, నా వైపు చూడకుండా చెప్పింది.

"నువ్వెందుకొచ్చావో నాకు తెలుసు. అమ్మ చెప్పేసింది. పిన్నీ, నాకూ భయమే. గ్రాంట్ రెన్యూ అవుతుందో లేదో ప్రొఫెసర్‌కే తెలీదు. వీసా గురించి ఆలోచిస్తే నిద్ర పట్టదు. నువ్వు రమ్మంటే వచ్చేస్తా. కానీ నువ్వే అడుగు. నా అంతట నేను వదిలేశాను అనుకోలేను, నువ్వు పిలిచావు కాబట్టి వచ్చాను అనుకుంటా."

ఫ్లయిట్‌లో సిద్ధం చేసుకున్న నలభై మాటల్లో ఇప్పుడు ఒక్కటి చాలు. "రా" అంటే చాలు. టేప్ చివర ఇంకా నా చేతిలోనే ఉంది. అడగలేకపోయాను. ముందు పైకి పద, తడిసిపోతున్నావని చెప్పాను. ఆ పూట ముగ్గురం బ్రెడ్, పీనట్ బటర్ తిన్నాం.

మళ్ళీ హోమర్

ఆదివారం బే దాటి ఇవతలకి రాగానే ఫోన్‌కి ప్రాణమొచ్చింది, దాంతోపాటు అక్కకీ. శ్రావ్య నా పక్కనే ఉంది.

"ఒప్పుకుందా?"

"నేను అడగలేదక్కా."

"అడగలేదా? మరెందుకెళ్ళావే అంత దూరం?"

జరిగింది చెప్పాను. "ఆ చదువెందుకని అడిగి రమ్మన్నావు కదా" అన్నాను. "ఆ చదువు లేకపోతే నిన్న మధ్యాహ్నం నీ కూతురు నా చేతి వంట తిని ఉండేదక్కా. నేనే దగ్గరుండి కొసరి కొసరి వడ్డించేదాన్ని."

"నీకు బుద్ధి లేక విషం వండితే, దాని జీవితం ఏం కావాలే?" అని ఫోన్ పెట్టేసింది. అందులో న్యాయం లేదనలేను. నా పొరపాటు వల్ల వీసా రాదు, ఉద్యోగమూ రాదు. దారి పొడుగునా నేనూ అదే ఆలోచించాను.

కారు దగ్గర శ్రావ్య నా బ్యాగ్ లోపల పెట్టి నిలబడింది. అడుగుతానని ఎదురుచూస్తోంది. అడగాలని ఎదురుచూస్తోందో, అడక్కూడదనో ఆ ముఖంలో నాకు తెలియలేదు.

"నేను అడగనే" అన్నాను. "సోమవారం వాళ్ళకి వద్దని చెప్పేస్తాను. నీకు భయమేస్తే రా, ఎప్పుడైనా రా. గది అలాగే ఉంటుంది. కానీ పిన్ని పిలిచిందని మాత్రం రాకు."

మెడ చుట్టూ చేతులు వేసి పట్టుకుంది. గాట్లు పడ్డ వేళ్ళు గరుగ్గా తగిలాయి. ఆంకరేజ్ దాకా ఏడుస్తూనే డ్రైవ్ చేశాను.

ట్రాయ్

వద్దని చెప్పగానే కన్సల్టెన్సీవాళ్ళు ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేశారు. అక్క నాతో మాట్లాడడం మానేసింది. మేమిద్దరం ఇంతకాలం మాట్లాడుకోకుండా ఉండడం నాకు గుర్తులేదు. పొద్దున్నే కాఫీ కలుపుతూ ఫోన్ వైపు చూడడం, మళ్ళీ తిప్పి పెట్టడం. చేసింది మంచి పనో, ఆడపిల్ల బతుకుతో ఆడిన జూదమో నాకు తేలలేదు. ఇది రాస్తున్న వేళకి శ్రావ్య గ్రాంట్ సంగతీ తేలలేదు.

ఒక సాయంత్రం శ్రావ్య మెసేజ్ పెట్టింది. మన బకెట్ ఆల్చిప్పల టెస్ట్ రిజల్ట్ వచ్చింది, తినొచ్చన్న హద్దుకి వాటిలో విషం ఎన్నో రెట్లు పైన ఉంది. ఆ కబురు అందిన రోజే డోనా రేవు దగ్గర అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో ఆల్చిప్పలు తినొద్దని రాసి పెట్టిందట. అయినా మర్నాడు ఒక కుటుంబం బకెట్లతో ఆ కోవ్‌కే పడవలో వెళుతుంటే ఆవిడే అడ్డంపడి వెనక్కి పంపించిందట.

ఆ మెసేజ్‌ని ఒక్క మాట కలపకుండా అక్కకి ఫార్వర్డ్ చేశాను. ఫోన్ మోగింది.

"ఇది కనిపెట్టింది మన పిల్లేనా?"

"శాంపిల్ పంపింది అదే. ల్యాబ్‌వాళ్ళు చూశారు."

"ఆ పడవలో వాళ్ళకి పిల్లలున్నారా?"

"ఇద్దరట. చిన్నవాళ్ళు."

వెనక కాకినాడలో ఎవరో కూరలు కేకేసుకుంటూ పోతున్నారు.

"సరే" అంది చివరికి. "దాన్ని అక్కడే ఉండనీవే."